తార్నాకలో నీళ్ళు ఎంత దగ్గర మరుగుతాయి

పోయిన మంగళవారం మధ్యాహ్నం డెస్క్ మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్‌గా పనిచేసి రిటైరైన అన్న. పండగలకు తప్ప ఆయన ఫోన్ చేయడు.

"మేడమ్ పోయింది బిడ్డా" అన్నాడు.

ఇరవై ఏళ్ళకు పైగా రిపోర్టింగ్‌లో ఉన్నాను. ఇలాంటి మాట వినగానే నోటికి వచ్చే ప్రశ్న ఒకటుంది. అదే అడిగాను.

"నువ్వు చూసినవా అన్నా, ఎవరన్న చెప్పిండ్రా?"

"సూస్తనే ఉన్న. ముంగటనే కూసున్న. పదకొండింటికి ఊపిరి బంద్ అయింది."

ఆయన నొచ్చుకోలేదు. ఆ ప్రశ్న నాకు ఎవరు నేర్పారో ఆయనకు తెలుసు. ఆ ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్ళూ రోజూ విన్న ప్రశ్నే అది.

మా మేడమ్ మూడు దశాబ్దాలు క్యాంపస్‌లో డిగ్రీ పిల్లలకు ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పారు. థర్మోడైనమిక్స్, ఫేజ్ ఈక్విలిబ్రియా ఆమె పాఠాలు. రెండో పేరు విని భయపడనక్కరలేదు. ఒక పదార్థం ఎంత వేడి దగ్గర, ఎంత ఒత్తిడి దగ్గర గడ్డకడుతుంది, కరుగుతుంది, ఆవిరవుతుంది, రెండు పదార్థాలు ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు విడిపోతాయి అన్నదే ఆ పాఠం. ఆమెది బందరు. ఉద్యోగానికి ఇక్కడికొచ్చి, తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో చెల్లెలితో కలిసి చివరిదాకా ఉన్నారు. పదేళ్ళ కిందట రిటైరయ్యారు. వయసు డెబ్బై దాటింది. గుండె జబ్బు. ఇవీ వివరాలు. పేపర్లో అయితే నాలుగు లైన్లు వస్తాయి. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ల్యాబ్ క్లాసులో ఆమె మాకు చాలా సులువైన పని ఇచ్చారు. బీకరులో నీళ్ళు పోసి మరిగించి, థర్మామీటర్ ఎంత చూపిస్తుందో రాయాలి. థర్మామీటర్లు సరిగ్గా ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి అన్నారు. నా థర్మామీటర్ తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. మంట పెంచాను. కదలలేదు. పాత సరుకు ఇచ్చారనుకుని నూరు అని రాసేశాను.

మేడమ్ పుస్తకాలన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే తిరగేశారు. ఇరవై నాలుగు మందిమి. ఇరవై నాలుగు పుస్తకాల్లోనూ నూరే.

"అందరికీ నూరు దగ్గరే మరిగాయా?"

"అవును మేడమ్" అన్నాం.

"మా బందరులో అయితే నూరే. అది సముద్రం ఒడ్డు. ఇక్కడ మనం సముద్రానికి ఐదు వందల మీటర్లకు పైన కూర్చున్నాం. పైకొచ్చే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు ముందే మరుగుతాయి. తార్నాకలో తొంభై ఎనిమిది."

వెనక బెంచీ నుంచి నా స్నేహితురాలు లేచింది. అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకునేది. నోరు ఊరుకునేది కాదు. "అంటే మేడమ్, మీ ఆంధ్రా నీళ్ళకు మా నీళ్ళకన్నా ఎక్కువ మంట కావాల్నా?"

క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వారు. "కావాలి. మీ నీళ్ళకు తొందరెక్కువ."

తర్వాత ముందు బెంచీలో ఉన్న నా పుస్తకం తీశారు. "అమ్మాయ్, ఈ నూరు చూసి రాశావా, తెలిసి రాశావా?"

నేను థర్మామీటర్ వైపు చూశాను.

"తెలిసి రాయడం తప్పేం కాదు. తెలిసింది చూసినట్టు రాశావు చూడు, అది తప్పు."

ఆ రోజు నుంచి మా ల్యాబ్ పుస్తకాల్లో ప్రతి పేజీకీ రెండు గళ్ళు. ఒకదాని మీద 'చూసింది', రెండోదాని మీద 'పుస్తకంలోది'. రబ్బరు వాడకూడదు. అంకె తప్పయితే దాని మీద ఒకే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాయాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. థర్మామీటర్ చూసేటప్పుడు కళ్ళు దాని ఎత్తుకు దించాలి. "వంగి చూడమ్మా. పైనుంచి చూస్తే నీకు కావలసిన అంకె కనిపిస్తుంది" అనేవారు. బ్యాచ్‌లో పొడుగ్గా ఉన్నవాళ్ళకు నడుం నొప్పులు వచ్చేవి. వేరే సెక్షన్ వాళ్ళు జిరాక్స్ షాపులో సీనియర్ల రికార్డులు కాపీలు తీయించుకుని మార్కులు తెచ్చుకుంటుంటే మేము ఇలా వంగుతూ ఉండేవాళ్ళం. ఆమెను అప్పుడు తిట్టుకోని వాళ్ళు లేరు. నేనూ తిట్టుకున్నాను.

ల్యాబ్ ఎలాగో నడిచింది. థర్మోడైనమిక్స్ థియరీ నడవలేదు. ఫెయిలయ్యాను, ఒక ఏడాది పోయింది. నా స్నేహితురాలు కూడా అదే పేపర్లో పోయి నాతో పాటే ఆగింది. మా నాన్న మౌలాలిలో ఇనుప బీరువాలు చేసే షెడ్డులో వెల్డింగ్ పని చేసేవాడు. ఫలితాలు వచ్చిన రోజు తిట్టలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుని చెప్పాడు. "ఇంకొక్కసారి చూస్త బిడ్డా. గప్పుడు గూడ కాకుంటే మా షెడ్డుల రంగులేసే కాడ ఆడపిల్లలను తీస్కుంటున్నరు. సేట్‌తోని మాట్లాడి పెట్టిన."

బెదిరింపు కాదది. మా ఇంట్లో ఉన్న పరిస్థితి అంతే.

ఈ సంగతి మేడమ్‌కు నేను చెప్పలేదు. నా స్నేహితురాలు చెప్పింది. మరుసటి ఆదివారం నుంచి తార్నాకకు రమ్మన్నారు. మౌలాలి నుంచి బస్సెక్కి, తార్నాక చౌరస్తాలో దిగి, నడిచి వెళ్ళేదాన్ని. భోజనాల బల్ల మీద పాఠం. నా కష్టం ఏమిటో ఆమెకు రెండు వారాల్లో అర్థమైంది. లెక్క చేయగలను. అది దేని గురించో తెలియదు. అక్షరాలు అటూ ఇటూ మార్చి జవాబు తెచ్చేదాన్ని.

"ప్రతి సమీకరణం కింద తెలుగులో ఒక వాక్యం రాయి. ఏం జరుగుతోందో. వాక్యం రాకపోతే నీకు లెక్క రానట్టే."

మొదట ఏడుపొచ్చింది. తర్వాత వాక్యాలు రావడం మొదలైంది. ఒక ఆదివారం ఈక్విలిబ్రియం గురించి 'ఇక్కడ ఏమీ జరగడం లేదు' అని రాశాను. ఆమె దాని మీద ఒక గీత కొట్టి, గాజు సీసాలో సగం దాకా నీళ్ళు పోసి, మూత బిగించి నా ముందు పెట్టారు. "నీళ్ళు ఆవిరవుతున్నాయి. ఆవిరి నీళ్ళవుతోంది. ఎంత పోతోందో అంత వస్తోంది. నీకు కనపడేది ఆగిపోయినట్టు. లోపల ఒక్క క్షణం ఖాళీ లేదు." ఆ సీసా చాలా వారాలు ఆ బల్ల మీదే ఉంది. దాని పక్కనే కూర్చుని ఉప్మా తిన్నాను. ఒక విషయాన్ని పొట్టి వాక్యంలో, తెలియనివాళ్ళకు తెలిసేలా రాయడం నేను నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే.

ఆ ఇంటి వంటగదిలోనూ ఒక థర్మామీటర్ ఉండేది. గరిటెల డబ్బాలో గరిటెల మధ్య నిలబెట్టి ఉండేది. పాదరసం వంటింట్లోకి రానివ్వనని ఎర్ర గీత ఉన్నది తెచ్చుకున్నారు. పాలు తోడు పెట్టేటప్పుడు అది ముంచి చూసేవారు. చెల్లెలికి ఇది నచ్చేది కాదు. "మా అమ్మ చిటికెన వేలు పెట్టి చూసేది, పెరుగు రాయిలా తోడుకునేది" అనేది. "అమ్మ వేలు ఇప్పుడు లేదుగా" అనేవారు మేడమ్.

ఆ ఏడు థియరీ పాసయ్యాను. ఏడాది మళ్ళీ చదివాం కాబట్టి ప్రాక్టికల్ కూడా మళ్ళీ చేయాలి, అది మిగిలింది.

పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. చీటీలు తీస్తే నాకూ, నా స్నేహితురాలికీ, ఇంకో అబ్బాయికీ ఒకే ప్రయోగం వచ్చింది. ఫినాల్, నీళ్ళు. రెండూ కలిపి ట్యూబులో పోస్తే పాలలా తెల్లగా ఉంటుంది. వేడి చేస్తూ పోతే ఒక చోట ఒక్కసారిగా తేటపడుతుంది. చల్లారితే మళ్ళీ పాలవుతుంది. ఆ వేడి ఎంతో రాసుకుని, పాళ్ళు మార్చి మళ్ళీ చేసి గ్రాఫ్ గీస్తే కొండలా వస్తుంది. కొండ కొస దగ్గరి అంకె జవాబు. పుస్తకంలో అది అరవై ఆరు. ఆ అంకె అందరికీ నోటికి వచ్చు.

నాకు డెబ్బై ఒకటి వచ్చింది. మళ్ళీ చేశాను. డెబ్బై ఒకటే.

థర్మామీటర్ చెడిపోయిందనుకున్నాను. మొదటి రోజు చేసిన పని గుర్తొచ్చి, దాన్ని మరిగే నీళ్ళలో పెట్టి వంగి చూశాను. తొంభై ఎనిమిది. థర్మామీటర్ బాగానే ఉంది.

పక్క బల్ల నుంచి నా స్నేహితురాలు గొణిగింది. "ఏందే చూస్తున్నవ్? అరవై ఆరు రాయి."

"నీకెంత వచ్చింది?"

"నాకు గూడ డెబ్బై దాటింది. గందుకే రాస్తలేను. పాగల్ లెక్క చేయకు, నీకు ఏడాది పోతది."

ఏడాది పోతే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు. చివరికి 'చూసింది' గడిలో డెబ్బై ఒకటి, పక్క గడిలో అరవై ఆరు రాశాను. దీన్ని ధైర్యం అనుకోవద్దు. మేడమ్ వచ్చి ఎలా రాశావని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు, అంతే.

ముందు వచ్చింది ఎగ్జామినర్. "ఏమ్మా, ఈ డెబ్బై ఒకటి ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదు సార్. ట్యూబులో వచ్చింది."

ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు. అప్పటికి మేడమ్ వచ్చి పక్కన నిలబడ్డారు. ఈ అమ్మాయి బాగా చదువుతుందనో, ఇంట్లో కష్టమనో ఆమె ఒక్క మాట అనలేదు. నన్ను అడిగారు.

"చూసి రాశావా?"

"చూసి రాసిన మేడమ్."

"వంగి?"

"వంగే చూసిన."

ఆమె నా నీళ్ళ సీసా తీసుకుని, కొంచెం ఒక ట్యూబులో పోసి, అందులో సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేశారు. డిస్టిల్డ్ వాటర్ అయితే అలాగే తేటగా ఉండాలి. ఉప్పు ఉంటే తెల్లగా విరుగుతుంది. విరిగింది.

"ఉప్పు కలిస్తే ఈ అంకె పైకి పోతుంది. అదీ పుస్తకంలో ఉందండీ, ఇంకో పేజీలో" అన్నారు ఎగ్జామినర్‌తో.

ముందు రోజు వేరే బ్యాచ్ ఉప్పునీళ్ళతో ప్రయోగం చేసింది. అడుగున కొంత మిగిలిన ఆ డబ్బాలోనే ఎవరో డిస్టిల్డ్ వాటర్ నింపారు. మా ముగ్గురి సీసాలూ ఆ డబ్బాలో నీళ్ళవే.

నేను పెన్ను మూత పెట్టాను. అప్పుడు ఎగ్జామినర్ మిగతా రెండు పేపర్లూ తీశారు. "మరి ఈ ఇద్దరికీ అరవై ఆరు ఎలా వచ్చిందండీ?"

నా స్నేహితురాలు నా వైపు చూసింది. నేను చూసింది రాస్తే ఆమెకు ఏమవుతుందో ఆ నిమిషం దాకా నాకు తట్టనే లేదు. ఆమెకూ ఒక ఏడాది అప్పటికే పోయి ఉంది.

మేడమ్ ముగ్గురి పేపర్లూ బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కోదాని మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. "తప్పు నీళ్ళు ఇచ్చింది మేము. ఆ నీళ్ళతో పెట్టింది పరీక్షే కాదు. ముగ్గురికీ మంచి నీళ్ళతో మళ్ళీ పెడదాం. మీరు ఇక్కడ సంతకం చేయండి."

ఆయన గడియారం చూసుకున్నారు. "భోజనం అయ్యాక" అన్నారు. సంతకం చేశారు.

మధ్యాహ్నం మళ్ళీ చేశాం. నాకు అరవై ఆరుకు కొంచెం తక్కువ వచ్చింది. నా స్నేహితురాలు చెయ్యెత్తింది. "మేడమ్, అరవై ఏడు వస్తున్నది. అరవై ఆరు వస్తలేదు."

"అయితే అరవై ఏడు రాయమ్మా. నీ కళ్ళు బాగానే ఉన్నాయి."

ముగ్గురమూ పాసయ్యాం. నేను బీరువాల షెడ్డుకు వెళ్ళలేదు. నా స్నేహితురాలు ఇప్పుడు నల్లకుంటలో ఒక స్కూల్లో సైన్స్ చెబుతోంది. ఆమె క్లాసులోనూ పుస్తకానికి రెండు గళ్ళని విన్నాను. విన్నాను అంటున్నాను, చూడలేదు.

ఉద్యోగంలో చేరాక మేడమ్ నా వార్తలు చదివి ఫోన్ చేసేవారు. బాగుందని చెప్పడానికి చేసింది తక్కువ. ఒకసారి ఏదో సభ గురించి వేల మంది వచ్చారని రాస్తే పొద్దున్నే ఫోన్. "లెక్కపెట్టావా?"

"పోలీసులు చెప్పారు మేడమ్."

"అయితే పోలీసులు చెప్పారని రాయి. ఆ రెండు మాటలకు పేపర్లో చోటు లేదా?"

చోటుంది. అప్పటి నుంచి రాస్తూనే ఉన్నాను.

ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్న మాత్రం నేను అడగలేదు. ఆ డబ్బా నింపింది ఎవరు? ఏ వార్తకైనా అదే మొదటి ప్రశ్న అవుతుంది. నాకు మేలు జరిగింది కాబట్టి అడగలేదేమో.

మంగళవారం సాయంత్రమే అంత్యక్రియలు అయిపోయాయి. ఆదివారం మళ్ళీ తార్నాక వెళ్ళాను. పాఠం రోజే. చెల్లెలు హాల్లో బంధువులతో ఉంది. అన్న వంటగదిలో ఉన్నాడు. మేడమ్‌కు ఒంట్లో బాగోనప్పటి నుంచి రోజూ ఒక పూట వచ్చి మందులూ కూరగాయలూ తెచ్చిపెట్టేవాడట. ఎందుకని అడిగితే చెప్పాడు.

"గా డబ్బా నేనే నింపిన బిడ్డా. కడగకుండ నింపిన. గప్పుడు నేను టెంపరరీ. పర్మనెంట్ ఫైలు పైన తిరుగుతున్నది. హెడ్ సారు ఎవలు నింపిండ్రో రాసియ్యుమని మేడమ్‌ను అడిగిండు. నా పేరు రాస్తే ఫైలు ఆడనే బంద్."

"ఏం రాసిన్రు?"

"'డబ్బా పరీక్షించకుండా పిల్లలకు ఇచ్చింది నేను' అని రాసింది. గంతే. నేను పోయి కాళ్ళ మీద పడ్డ. నేనే నింపిన మేడమ్, నా పేరు రాయున్రి అన్న. ఏమన్నదో తెల్సా? 'నువ్వు నింపుతుంటే నేను చూడలేదుగా' అన్నది. ఇప్పుడు చెప్తున్న కద మేడమ్ అంటే, 'చెప్పావు. అది తెలిసింది. చూసింది కాదు. పోయి డబ్బా కడుగు' అన్నది."

ఆమెకు మెమో ఇచ్చారు. ల్యాబ్ ఇన్‌చార్జి బాధ్యత ఒక ఏడాది తీసేశారు. ఆ ఏడాదే అన్న పర్మనెంట్ అయ్యాడు. నా ముందు చదువుల సంగతి, సభల సంగతి అన్నీ మాట్లాడిన మనిషి ఈ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఆమె నియమాన్ని ఇన్నాళ్ళూ మనుషుల్ని పట్టుకోవడానికే వాడాను. దాంతో ఒక మనిషిని వదిలిపెట్టవచ్చని కూడా ఆమెకు తెలుసు. ఆమె రాసిన ఆ ఒక్క వాక్యంలో అబద్ధం లేదు. నేను రెండు మూడుసార్లు మనసులో సరిచూసుకున్నాను. లేదు.

అన్న చాయ్ కోసం గిన్నెలో నీళ్ళు పెట్టాడు. గరిటెల డబ్బాలో ఆ ఎర్ర గీత థర్మామీటర్ ఇంకా ఉంది. ఎందుకు తీశానో తెలియదు, తీసి గిన్నెలో పెట్టి పట్టుకున్నాను. కిటికీ బయట కింద రోడ్డు మీద హారన్లు వినిపిస్తున్నాయి. నీళ్ళ మీద ఆవిరి లేచింది.

"ఎంతున్నది బిడ్డా?" అన్నాడు అన్న, చాయ్‌పత్తా డబ్బా మూత తీస్తూ.

"తొంభై ఎనిమిది అన్నా."

ఆయన ఆగి నా వైపు చూశాడు. నేను నిటారుగా నిలబడి ఉన్నాను.

"సూసి చెప్తున్నవా?"

కళ్ళజోడు మసకబారి ఉంది. తీసి చున్నీ కొంగుతో తుడిచి పెట్టుకుని, గిన్నె ఎత్తుకు వంగాను. ఎర్ర గీత ఇంకా ఎక్కుతూనే ఉంది.